ముప్పై ఒకటో నంబరు రంగు

ఆసుపత్రిలో ఆవిడను అందరూ గులాబీ మేడం అంటారు. పేరు విని ఎవరో మెత్తని మనిషి అనుకుంటూ వచ్చిన కొత్తవాళ్ళకు పది నిమిషాల్లో ఆ భ్రమ వదిలిపోతుంది. మూత సరిగ్గా బిగించని సీసా ఒక్కటి కంటబడితే చాలు, ఆవిడ ఒంటికాలి మీద లేస్తుంది. ఆ పేరు రావడానికి కారణం ఆవిడ చేసే పరీక్ష. రక్తం మీద తేరిన పచ్చని నీటిలో ఒక మందు కలిపి, మరిగే నీళ్ళలో అరగంట ఉంచితే గులాబీ రంగు వస్తుంది. ఆ రంగు ఎంత ముదురో యంత్రం కొలిచి అంకె చెబుతుంది. రంగు ముదిరిందంటే ఆ మనిషి ఒంట్లో ఎక్కడో నిప్పు రాజుకుంటోందన్నమాట.

ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ లోకమంతా కింది అంతస్తులోని ఆ ల్యాబే. పొడవాటి బల్ల, రెండు ఫ్రిజ్‌లు, రక్తాన్ని గిర్రున తిప్పి రెండు పొరలుగా విడగొట్టే యంత్రం, పైనుంచి వచ్చే ట్యూబులు తీసుకోవడానికి ఒక చిన్న కిటికీ, దాని మీద గోడ గడియారం. వరండా వైపు గోడ నడుమెత్తు దాకానే ఇటుక, పైనంతా అద్దం. ఆవిడ ఎప్పుడూ ఆ అద్దానికి వీపు పెట్టి కూర్చుంటుంది. వచ్చేపోయేవాళ్ళను చూస్తూ కూర్చుంటే ట్యూబులో చుక్క ఎక్కువ పడుతుందని ఆవిడ భయం.

ఇంట్లోనూ ఇదే వరస. పాలు ఫ్రిజ్‌లోంచి ఎప్పుడు బయటికి వచ్చాయి, మళ్ళీ ఎప్పుడు లోపలికి వెళ్ళాయి, ఎవరు తీశారు, అన్నిటికీ జవాబు చెప్పాల్సిందే. ఆవిడ భర్త దుకాణాల బోర్డులు రాసే పెయింటరు. మాటకారి. దారిన పోయేవాణ్ణి ఆపి మరీ పలకరించే రకం. "మా ఇంట్లో పాలకు కూడా హాజరుపట్టీ ఉంది" అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుని నవ్విస్తూ ఉంటాడు. వీళ్ళిద్దరికీ ముప్పై ఏళ్ళు ఎలా కుదిరిందో చుట్టుపక్కలవాళ్ళకు అంతుపట్టదు గానీ, కుదిరింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒక అధ్యయనం మొదలుపెట్టింది. వైరస్ వల్ల కాలేయం వాచి, కామెర్లతో చేరినవాళ్ళ రక్తం చేరిన రోజు ఒకసారి, ఇంటికి వెళ్ళాక రెండు, నాలుగు, ఆరు వారాలకు ఒక్కోసారి తీసి, ఒంట్లో ఆ నిప్పు ఎలా రేగుతోందో, ఎలా చల్లబడుతోందో చూడాలని. ఆ పరీక్షలన్నీ గులాబీ మేడం చేతికే వచ్చాయి. ఆ సంగతి ఇంట్లో చెబితే పెయింటరు వదిలిపెట్టలేదు.

"అసలు నువ్వు కొలిచేదేంటోయ్?"

"ఒళ్ళు వైరస్‌తో కొట్లాడేటప్పుడు నిప్పురవ్వలు లేస్తాయండీ. అవి వైరస్‌తో ఆగవు, మన కణాల గోడలకు కూడా అంటుకుంటాయి. ఇనుముకి తుప్పు పట్టినట్టే. ఆ రాలిన తుప్పే నా ట్యూబులో గులాబీ రంగవుతుంది."

"మరి తుప్పు పట్టకుండా అడ్డేమీ ఉండదా?"

"ఉంటాయి. యాంటీఆక్సిడెంట్లంటారు. వాటికి వేరే పరీక్ష. అవి దండిగా ఉంటే పసుపు రంగు నిండుగా వస్తుంది. కామెర్లవాళ్ళకి కళ్ళలో పసుపు చెడ్డది గానీ, నా ట్యూబులో పసుపు మంచిది."

"ఓస్, ఇంతేనా! ఇనప రేకుకి ముందు ప్రైమర్ కొడతాం చూడు, అదే ఇది. ప్రైమర్ అరిగిపోయిన చోట తుప్పు మొదలవుతుంది."

ఆవిడ అవునని ఒప్పుకోలేదు. కానీ మర్నాడు డాక్టరమ్మ దగ్గర ఆ ప్రైమర్ పోలికను తన సొంత మాటలా చెప్పి మెప్పు కొట్టేసింది.

మూడు నెలలు తిరక్కుండానే పెయింటరుకే కామెర్లొచ్చాయి. ఎక్కడో కొత్త భవనానికి బోర్డు రాస్తూ డ్రమ్ములో నీళ్ళు తాగాడట. పది రోజులు వార్డులో పడున్నాడు. అంత మాటకారీ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. డాక్టరమ్మ అడిగితే ఆయన కూడా అధ్యయనంలో చేరతానని సంతకం పెట్టాడు. అక్కడ పేర్లుండవు, నంబర్లే. ఏ నంబరు ఎవరిదో రాసిన జాబితా డాక్టరమ్మ సొరుగులో తాళం వేసుంటుంది. పొరపాటున మనవాళ్ళ ట్యూబని తెలిస్తే వెంటనే డాక్టరమ్మకు చెప్పి, ఆ ట్యూబు పక్కవాళ్ళకు అప్పగించాలి. ఇది నియమం. ల్యాబులో అందరికంటే గట్టిగా ఆ నియమాన్ని పట్టుకు వేలాడేది గులాబీ మేడమే.

ఆయన ఇంటికొచ్చిన రెండు వారాలకు కథ అడ్డం తిరిగింది. ఆ రోజు వచ్చిన ట్యూబుల్లో ఒకదానికి చుట్టిన చీటీ మీద రక్తం తీసిన టైము తొమ్మిదీ నలభై అని ఉంది. తొమ్మిదికి పొట్ట నిండుగా, నాలుగు గీత గీసినట్టు నిటారుగా, సున్నా గుడ్డులా నున్నగా. ఊళ్ళో సగం దుకాణాల మీద ఫోను నంబర్లు రాసిన చెయ్యది. ఆవిడ పొరబడే అవకాశమే లేదు. నంబరు ముప్పై ఒకటి.

చెప్పాల్సింది. చెప్పలేదు. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, పని అయ్యాక రిజిస్టరు తెరిచి ముప్పై ఒకటో నంబరు పాత అంకె చూసింది. ముక్కుసూటి మనిషి వేసిన మొదటి వంకర అడుగు అది, దానికి ఆవిడ తగిన శిక్షే అనుభవించింది.

బాగున్నవాళ్ళకు ఆ గులాబీ అంకె రెండు, రెండున్నర ఉంటుంది. కామెర్లతో చేరిన రోజు ఐదారు ఉంటుంది. రెండు వారాలకల్లా అందరికీ నాలుగుకు దిగుతోంది. ముప్పై ఒకటికి మాత్రం చేరిన రోజు ఐదు పాయింట్ ఎనిమిది, ఇప్పుడు ఆరు పాయింట్ ఒకటి. నాలుగో వారం వచ్చింది. చీటీ మీద మళ్ళీ అవే బోర్డు అంకెలు. ఈసారి గులాబీ ఆరు పాయింట్ మూడు. పసుపు చూస్తే వెలిసిపోయి నీళ్ళలా ఉంది.

పై అంతస్తులో కాలేయం పరీక్షలన్నీ బాగున్నాయన్నారు. ఆయన తింటున్నాడు, తిరుగుతున్నాడు, కళ్ళు తెల్లగా ఉన్నాయి. అయినా ఆవిడకు నమ్మకం కుదరలేదు. వాళ్ళ పరీక్షలు పైపైన చూస్తాయని, తనది లోతుకి పోయి చూస్తుందని ఆవిడకు లోలోపల ఒక గర్వం. ఆ గర్వమే ఇప్పుడు గుండెల మీద కుంపటైంది. ఈయన ఒంట్లో బయటికి కనబడని చెరుపేదో జరుగుతోంది, డాక్టర్లకు అంతు చిక్కలేదు, నాకొక్కదానికే తెలుసు, ఎవరికీ చెప్పడానికి లేదు. చెబితే నంబరు ఎలా తెలిసిందని అడుగుతారు.

భయాన్ని దాచుకోవడం చేతగాని మనుషులు కోపిష్టులుగా మారతారు. ఆయన మంచాన పడి ఇంటికొచ్చిన రోజు నుంచే ఆవిడ అలా మారింది, ఈ అంకెలతో అది ఇంకా ముదిరింది. పొద్దున్నే ఆయన్ను కిటికీ వెలుగులో నిలబెట్టి, కింది రెప్ప లాగి, కన్ను తెలుపు చూసేది. నిచ్చెన ఎక్కుతానంటే కొంపలు మునిగినట్టు అరిచేది. గ్లాసు కింద పెట్టిన చప్పుడు పెద్దదైతే అరిచేది. కూతురు ఫోను చేస్తే అంతా బాగుందని చెప్పి, ఫోను పెట్టేసి వంటగదిలో నిలబడి ఏడ్చేది. పెయింటరు మొదట్లో నవ్వించాలని చూశాడు. తర్వాత తర్వాత ఆయనా నోరు కట్టేసుకున్నాడు.

ఆరో వారం ఒక మంగళవారం పొద్దున డాక్టరమ్మ కబురు పంపింది. రక్తం తీసిన టైముకీ ల్యాబుకు అందిన టైముకీ మధ్య ఎంత తేడా ఉందో ప్రతి చీటీ చూసి రాయమంది. ఈ పరీక్షలకు రక్తం ఐస్‌లో రావాలి, అరగంట లోపు రావాలి. వెచ్చగా నిలవుంటే ట్యూబులోనే తుప్పు పెరుగుతుంది, కాపలా కాసే యాంటీఆక్సిడెంట్లు కరిగిపోతాయి.

గులాబీ మేడం పక్క బల్ల మీద పనిచేసే పెద్దమనిషిని అందరూ నిదానంగారు అంటారు. ఆయన నడిస్తే గడియారానికే ఆవలింత వస్తుంది. కిటికీ దగ్గర ట్యూబులు తీసుకుని, అందిన టైము రాసేది ఆయనే. ఆయన ఒక్కో చీటీ కళ్ళజోడు సవరించుకుంటూ చదువుతుంటే ఆవిడ తేడా రాస్తోంది. పన్నెండు. పద్దెనిమిది. ఇరవై.

"ముప్పై ఒకటి. రెండో వారం. తీసింది తొమ్మిదీ నలభై. అందింది తొమ్మిదీ నలభై."

ఆవిడ కలం ఆగింది. "సరిగ్గా చదవండి అన్నయ్యగారూ."

"సరిగ్గానే చదివానమ్మా. నాలుగో వారం కూడా అంతే. తీసింది పదీ అయిదు, అందింది పదీ అయిదు."

"రెండో అంతస్తు నుంచి రక్తం రెక్కలు కట్టుకుని ఎగిరొచ్చిందా?"

నిదానంగారు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. అది ఆయన ఇరుకునపడ్డప్పుడు చేసే పని. "తీసిన టైము గడి ఖాళీగా ఉంది చెల్లెమ్మా. రాయమన్నాను. ఈ గడియారం చూసి రాసేసినట్టున్నారు."

"ఎవరు?"

"ఇంకెవరు, మా బావగారు. ఆయన ట్యూబు ఆయనే తెస్తారు. మీకు చెబితే అరుస్తారని చెప్పొద్దన్నారు."

ఆవిడ నుదురు కొట్టుకుంది. చీటీ మీద ఆయన చేతిరాత చూసి నంబరు ఆయనదని కనిపెట్టిన మనిషి, చీటీ ఆయన చేతిలోకి ఎందుకు వెళ్ళిందని ఒక్కసారైనా ఆలోచించలేదు! వార్డు చీటీ వార్డులోనే రాయాలి, తెచ్చేది వార్డు ఆయా. ఈ ముక్క చిన్నపిల్లనడిగినా చెబుతుంది. భయం కళ్ళు మూసేసింది.

ఆరో వారం రక్తం ఇవ్వాల్సింది ఆ రోజే. ఆవిడ మెట్ల వైపు పరిగెత్తింది. పెయింటరు మొదటి అంతస్తు మలుపులో సెక్యూరిటీ మనిషితో నిలబడి, మందుల గది బోర్డు వైపు చెయ్యి చూపిస్తూ మాట్లాడుతున్నాడు.

"ఆ మూడో అక్షరం చూడు, తాగినవాడిలా పక్కకి ఒరిగింది. పైగా అంచు గీత లేదు..."

"ఏమండీ!"

ఆయన ఉలిక్కిపడి చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. ఆవిడ ఆ చెయ్యి తీసేసి జేబులో వేళ్ళు పెట్టింది. ట్యూబు వచ్చింది. గోరువెచ్చగా ఉంది.

"ఇదేంటి?"

"నా రక్తం," అన్నాడాయన, అమాయకంగా.

"ఐస్ ఏది?"

"నర్సమ్మాయి ఐస్ సంచిలో పెట్టే ఇచ్చింది. మీ ఆవిడ కిందే ఉందిగా బాబాయ్, నువ్వే ఇచ్చెయ్ అంది. ఆ సంచి నీళ్ళు కారుతోంది. పైగా అంత చల్లగా ఉంటే రక్తం గడ్డకట్టదూ? ఒంట్లో వెచ్చగా ఉండేది కదా అని గుండె దగ్గర పెట్టుకున్నాను. కిటికీ దగ్గరకొచ్చాక ఐస్ పెట్టెలో వేసేస్తాలే."

"ఎంతసేపటి నుంచి ఉంది జేబులో?"

"ఇవాళ ఓ పది నిమిషాలేలే. మిగతా రెండుసార్లూ ముప్పావు గంట..."

"ప్రతిసారీ జేబులోనేనా?"

ఆయన తల గోక్కున్నాడు. ఆవిడకు ఆయన్ను అక్కడే నాలుగు ఉతకాలనిపించింది, అక్కడే కావిలించుకోవాలనీ అనిపించింది. సెక్యూరిటీ మనిషి ఉన్నాడు కాబట్టి రెండూ చెయ్యలేదు. "రోగం ఉన్న రక్తం ఎవరైనా జేబులో వేసుకు తిరుగుతారా! పగిలితే?" అని మాత్రం అరిచి, ట్యూబు తీసుకుని నేరుగా డాక్టరమ్మ గదికి వెళ్ళింది.

డాక్టరమ్మ ముందు ఆవిడ కూర్చోలేదు. నిలబడే రెండు తప్పులూ చెప్పేసింది. ట్యూబు జేబులో వచ్చింది, అది ఒకటి. ముప్పై ఒకటి ఎవరో తెలిసి కూడా నెల రోజులు దాచాను, అది రెండోది.

డాక్టరమ్మ చేతిలో కలం పక్కన పెట్టింది. "నెల రోజులు ఆ అంకె నెత్తిన పెట్టుకుని తిరిగారా? ఒక్క మాట అడిగితే నేను చెప్పేదాన్ని కదా. ఇది అరవై మందిని కలిపి చూసే లెక్క మేడం. ఒక్క మనిషి బాగుపడ్డాడా లేదా అని చెప్పే పరీక్ష కాదిది. దానికి కాలేయం పరీక్షలున్నాయి, అవి ఎప్పుడో బాగయ్యాయి."

"నాకు నా రంగు మీదే నమ్మకమండీ."

"అదే మీ జబ్బు," అంది డాక్టరమ్మ, కానీ గొంతులో కోపం లేదు. "మళ్ళీ రక్తం తీయిద్దాం. ఐస్‌లో తెప్పిద్దాం. పరీక్ష మీరు ముట్టుకోకూడదు. ఆ పాత రెండు అంకెలూ కొట్టేసి, ఎందుకు కొట్టేశామో రిజిస్టర్లో మీ చేత్తోనే రాయాలి. నంబరు తెలిసి దాచిన సంగతి కూడా రాయాలి."

ఆవిడ రాసింది. ఇరవై ఆరేళ్ళలో ఆవిడ రిజిస్టర్లో పడ్డ మొదటి కొట్టివేత అది. రాసి సంతకం పెట్టాక ఊపిరి తేలికైంది.

ఈసారి ఐస్ పెట్టె పట్టుకుని పైకి వెళ్ళింది స్వయంగా నిదానంగారే. మెట్లు దిగేటప్పుడు ఆయన పరిగెత్తుతుంటే ఎక్కడో అగ్నిప్రమాదం జరిగిందనుకుని ఇద్దరు నర్సులు పక్కకు తప్పుకున్నారట. ఏడు నిమిషాల్లో ట్యూబు ల్యాబులో ఉంది. గులాబీ మేడంను బయటికి పంపేశారు.

వరండాలో అద్దానికి ఎదురుగా ఒక బెంచీ ఉంది. పెయింటరు అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాడు. ఆవిడ వెళ్ళి పక్కన కూర్చుంది. పరీక్ష పూర్తవడానికి ఎంత లేదన్నా గంటన్నర. లోపల ఆవిడ కుర్చీ ఖాళీగా కనిపిస్తోంది. ఆ కుర్చీని అటువైపు నుంచి చూడటం ఆవిడకదే మొదటిసారి.

"నేను కూర్చునేది ఇక్కడే," అన్నాడాయన.

"ఎప్పుడు?"

"రక్తం ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా. బోర్డులు చూడ్డానికి ఎంతసేపు కావాలి, పది నిమిషాలు. మిగతా సేపంతా ఇక్కడే కూర్చునేవాణ్ణి."

"ఇక్కడేముందని?"

"నువ్వున్నావుగా." ఆయన అద్దం వైపే చూస్తున్నాడు. "ఇంట్లో పొద్దున లేస్తే నా కన్ను లాగి చూస్తావు. ఆ తర్వాత అరుస్తావు. కంట్లోకి చూస్తున్నావు గానీ నా వంక చూడట్లేదు. మంచాన పడి లేచాక నీకు బరువైపోయాననుకున్నాను. ఇక్కడ పని చేసుకునేటప్పుడు మాత్రం ఎప్పట్లాగే ఉంటావు. కాసేపు నిన్ను అలా చూసి పోదామని కూర్చునేవాణ్ణి. జేబులో ట్యూబున్న సంగతే గుర్తుండేది కాదు."

నెల రోజులుగా ఏ అంకె చూసి కుమిలిపోయిందో ఆ అంకె పెరిగింది ఈ బెంచీ మీద. తను భయపడి ముఖం చాటేసింది. ముఖం చాటేస్తే ఈయన ఇక్కడికొచ్చి కూర్చున్నాడు. ఈయన కూర్చుంటే రంగు ముదిరింది. రంగు చూసి తను ఇంకా భయపడింది.

"బరువేంటండీ," అంది చివరికి. "మీరు పోతారనుకున్నాను."

"ఎక్కడికి?"

"చచ్చిపోతారనుకున్నాను!" అని వరండా అంతా వినబడేలా అని, పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

ముప్పై ఏళ్ళలో ఆయన దగ్గర జోకు లేకపోవడం ఆవిడ అప్పుడే చూసింది. అంతమంది వస్తూ పోతూ ఉండగానే ఆవిడ చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నాతో చెప్పొచ్చుగా పిచ్చిదానా."

"చెబితే నిజమైపోతుందేమోనని."

పన్నెండు దాటాక తలుపు తెరుచుకుంది. ముందు డాక్టరమ్మ, వెనక చేతిలో ట్యూబుల స్టాండుతో నిదానంగారు. స్టాండులో రెండు గొట్టాలున్నాయి. ఒకటి బాగున్న మనిషిది, ఒకటి ముప్పై ఒకటిది. రెండిటి గులాబీ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పలేనంత లేతగా ఉంది.

"ముప్పై ఒకటికి రెండున్నర చెల్లెమ్మా," అన్నాడు నిదానంగారు. జీవితంలో మొదటిసారి ఆయన ఒక మాటను గబగబా అన్నాడు. "పసుపు కూడా నిండుగా వచ్చింది."

"కాలేయం పరీక్షలు చెప్పిందే ఇదీ చెబుతోంది. మీకు దీని మీదే నమ్మకమన్నారని చూపిస్తున్నాను, అంతే," అంది డాక్టరమ్మ. "ఇక ఇంటికి తీసుకెళ్ళండి. ఆయన పని ఆయన్ను చేసుకోనివ్వండి."

ఆవిడకు పోయిన ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య అనే ఓపిక కూడా లేక బెంచీకి చేరబడిపోయింది. అంతా అయ్యాక ఒళ్ళంతా ఒక్కసారిగా బరువెక్కింది, కళ్ళు మూతలు పడుతున్నాయి. ఎప్పుడూ నాలుగింటికి ముందు కోటు విప్పని మనిషి, పన్నెండున్నరకే కోటు విప్పి మేకుకు తగిలించి, నిదానంగారికి తాళాలిచ్చి, పెయింటరు పక్కన నడుస్తూ ఇంటికి వచ్చేసింది. దారిలో ఆయన రెండు బోర్డులకు వంకలు పెట్టాడు. ఆవిడ రెండిటికీ నవ్వింది.

ఇంటికి రాగానే చెప్పులు విప్పి మంచం మీద వాలింది. కాస్త నడుం వాలుస్తాను, అయిదు నిమిషాల్లో లేస్తాను అంది. ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు, కిటికీ రెక్క దగ్గరికి వేశాడు. ఆరు వారాల నిద్ర బాకీ పడుంది ఆవిడ ఒంట్లో. ఎండ వాలి, వీధిలో పిల్లల ఆటలు మొదలైనా ఆవిడ లేవలేదు. ఆయన కూడా లేపలేదు.